పై ముక్క ఉంది, కింద ముక్క ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆధార్ ప్రింట్లు, ఆన్‌లైన్ ఫారాలు, ఫోన్ రీచార్జిలు చేస్తుంటాను. ఈ ఉత్తరం మా మేనత్త బస్సు టిక్కెట్టు గురించి.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆ నెలాఖర్లో అత్తకు కళ్లు చూపించడానికి టెక్కలి వెళ్తూ, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో బస్సెక్కాం. నేను డబ్బులు తీస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. “ఏటే గుంటా, డబ్బులెక్కువయ్యాయేటి?” అంటూ సంచిలోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. కండక్టరు కార్డు వెనక్కి తిప్పి, “మామ్మా, ఇది ఒడిశా అడ్రసు. ఆంధ్రా అడ్రసు ఉంటేనే ఫ్రీ” అన్నాడు. అత్త ఊరుకుంటుందా? ఫోన్లో పేపరు కటింగు తీసింది. మీ పేపరుదే. ఆ అబ్బాయి ఓపిగ్గా చదివి, “పై ముక్క ఉంది, కింద ముక్క ఏదమ్మా?” అన్నాడు. ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకే అన్న పేరా ఎవరో కత్తిరించేశారు.

అత్తను తప్పుపట్టలేను. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ పెళ్లిసంబంధాలు, ఆస్పత్రులు, తెలుగు పేపరు ఇప్పటికీ ఆంధ్రా వైపువే. శ్రీకాకుళం చుట్టాలూ బరంపురం చుట్టాలూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. ‘కలెక్టరు గారి ఉత్తర్వు, రేపు బడులకు సెలవు’ అని వస్తే ఏ కలెక్టరనుకోవాలి? ఒక తుపానప్పుడు మా తమ్ముడు శ్రీకాకుళం నుంచి అలాంటిది పెడితే, ముందూ వెనకా చూడకుండా మా వీధి గ్రూపులో వేసింది నేనే. సెలవు వాళ్ల జిల్లాకు. మా వీధి పిల్లలు నలుగురికి యూనిట్ టెస్టు పోయింది. అందులో మావాడూ ఉన్నాడు. వాడు మాత్రం సంతోషించాడు.

2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం మొదలెట్టినప్పుడు ఇంకో తంటా. 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకు ఏడాదికి రెండు విడతల్లో 10,000 రూపాయలు, ఐదేళ్లలో 50,000. మాదాకా వచ్చిన వివరాలన్నీ ఒడియాలోనే. మా పెద్దవాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు, చదవడం రాదు. ఎవరో తెలుగులో పంపిన వాయిస్ మెసేజే దిక్కు. ‘ఇవాళే ఆఖరు’ అని ఒకటొచ్చిన సాయంత్రం నా షాపు ముందు లైను రోడ్డెక్కింది. అంగన్‌వాడీలో ఊరికే ఇచ్చే ఫారానికి జిరాక్స్ కావాలని! ఆ పూట నాకు బేరం బాగానే అయింది, అబద్ధమెందుకు.

వాట్సాప్‌లో బాగా చేతులు మారిన మెసేజికి రెండు బాణాల గుర్తు పడుతుంది. ఒకసారి చూసుకొమ్మని పెట్టిన గుర్తది. అత్త లెక్కలో మాత్రం రెండు బాణాలు పడ్డాయంటే గట్టి వార్త. అంతమంది పంపారంటే అబద్ధమవుతుందా అంటుంది. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపనిస్తున్నారు. కానీ అదే ఫొటోను గ్యాలరీలోంచి తీసి కొత్తగా పెడితే బాణాలూ ఉండవు, ఆ కట్టడీ ఉండదు.

‘సోషల్ మీడియాను నమ్మకండి, పేపరు చదవండి’ అని మీరు రాస్తుంటారు. అయ్యా, మావాళ్లు నమ్ముతున్నది పేపర్నే. ఆ హెడ్డింగు, ఆ అక్షరాలు చూసే నమ్ముతున్నారు. తేదీ మీరు పేజీ నెత్తిన వేస్తారు, కటింగులోకి అది రాదు. వార్త మొదట్లో ఊరిపేరు ఎలాగూ ఉంటుంది, పక్కనే తేదీ కూడా వెయ్యండి. పథకమైతే ఏ రాష్ట్రం వాళ్లకో హెడ్డింగులోనే ఉండాలి. ‘ఆంధ్రా మహిళలకు’ అని రాయడానికి చోటు చాలదా? ఒడిశా పథకాల సంగతి కూడా, ఉత్తర్వు వచ్చిన మర్నాడే మా వైపు వచ్చే ఎడిషన్లో తెలుగులో నాలుగు లైన్లు వెయ్యండి. కింద ముక్కతో సహా జిరాక్స్ తీసి మా షాపు గోడకు నేనే అంటిస్తాను. అడిగినవాళ్లకు కాపీ ఇస్తాను, డబ్బులు తీసుకోను.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడిపే మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా