పసుపు, ఎండ, వేపరెమ్మ

ఒరేయ్ రఘూ,

తెల్లచొక్కా మీద పప్పుచారు ఒలికితే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. సబ్బు రాయగానే మరక ఎర్రబడుతుంది. ఉతికి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి ఆనవాలు లేకుండా పోతుంది. ఈ రెండు పనుల్నీ వరస మార్చి కాగితం మీద చేయించు, ఫోటో వస్తుంది. ముందు ఎండ, తర్వాత సబ్బులాంటి క్షారం. కెమెరా లేదు, చీకటిగది లేదు. నెట్‌లో జనం సరదాగా చేసి పంచుకునే పనుల్లో నాకు ఇంతగా నచ్చింది ఇంకోటి లేదు. ఈ ఉత్తరం పక్కన పెట్టుకుని నువ్వు ఈ ఆదివారమే చేసేయగలిగేలా అన్నీ వివరంగా రాస్తున్నాను.

దీన్ని ఆంథోటైప్ అంటారు. గ్రీకులో ఆంథోస్ అంటే పువ్వు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త, పూలరసాల మీద ఎండ ఏం చేస్తుందో రాయల్ సొసైటీ అనే లండన్ శాస్త్రవేత్తల సంఘం పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. ఇంజనీర్ల బ్లూప్రింట్‌కి మూలమైన సయనోటైప్ అనే నీలిరంగు ఫోటో పద్ధతి కూడా ఆ వ్యాసంలోనే ఉంది. నీలిరంగు నిలిచింది కాబట్టి లోకం దాన్ని వాడుకుంది. పూలరంగు వెలిసిపోయేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మేరీ సోమర్‌విల్ అనే శాస్త్ర రచయిత్రి కూడా ఇలాగే ఆకుల, పూల రసాల మీద ప్రయోగాలు చేసి హెర్షెల్‌కి ఉత్తరం రాసింది. ఆడవాళ్ళకి అప్పట్లో రాయల్ సొసైటీలో సభ్యత్వం లేదు. ఆ ఉత్తరంలో కొంతభాగం 1846లో ఆ పత్రికలోనే అచ్చయింది. చూశావా, ఈ విద్యలో ముందునుంచీ ఉత్తరాలే.

ముందు పసుపు సంగతి. కొట్లో దొరికే పొడులన్నీ పనికిరావు. కొన్నిటిలో మెటానిల్ ఎల్లో లాంటి రంగు కలుపుతారు. పసుపులో అసలు రంగునిచ్చే కర్కుమిన్ ఎండకి విరిగిపోతుంది, కలిపిన రంగు అంత సులువుగా పోదు. అందుకే ఎంతసేపు ఎండబెట్టినా బొమ్మ రాదు. పరీక్ష తేలిక. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు పొడి వేసి కదపకుండా ఉంచు. మంచి పసుపు అడుక్కి దిగి, పైన నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. నీళ్ళన్నీ చిక్కటి పసుపురంగులోకి తిరిగితే ఆ పొట్లాం పక్కన పెట్టేయ్. కర్కుమిన్ నీళ్ళలో కరగదు, నీళ్ళలో కరిగిందంటే అది వేరే ఏదో. అన్నిటికన్నా మంచి దారి, కొమ్ములు కొని దంచుకోవడమే. కస్తూరి పసుపు మాత్రం వద్దు, వాసన బాగుంటుంది గానీ దానిలో రంగు తక్కువ.

నీళ్ళలో కరగదన్నాను కదా, అందుకే పసుపు నీళ్ళు పూస్తే కాగితం మీద పొడి పేరుకుంటుంది తప్ప రంగు లోపలికి ఇంకదు. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు. 100 మిల్లీలీటర్లకి 20 గ్రాముల పసుపు, అంటే సుమారు రెండు పెద్ద చెంచాలు. మూత ఉన్న గాజుసీసాలో పోసి బాగా కుదిపి అరగంట వదిలెయ్. తర్వాత పాత నూలుబట్ట రెండు మడతలు వేసి వడకట్టు, కుదిరితే కాఫీ ఫిల్టర్ కాగితంలో మరోసారి. వడకట్టడం దగ్గర బద్ధకిస్తే కాగితం నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. ఒకటి గట్టిగా చెబుతున్నాను, ఈ పని వంటగదిలో పెట్టుకోకు. ఆల్కహాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. స్టవ్వు, అగరొత్తి, దీపం దరిదాపుల్లో ఉండకూడదు, కిటికీలు తీసి ఉండాలి.

కాగితం దళసరిగా ఉండాలి. నీటిరంగులు వేసే 300 జీఎస్ఎం కాగితమైతే హాయి. మామూలు జిరాక్సు కాగితం తడవగానే ముడతలు పడుతుంది, ముడత దగ్గర ఆకు కాగితానికి ఆనదు. రెండంగుళాల బ్రష్షుతో ఒకే దిక్కున, ఆపకుండా పూసెయ్. ఆల్కహాల్ చటుక్కున ఆరిపోతుంది కాబట్టి పూసినచోటే మళ్ళీ మళ్ళీ రాస్తే చారలు పడతాయి. బ్రష్షు చేతికి వశం కాకపోతే ద్రావణాన్ని వెడల్పాటి పళ్ళెంలో పోసి కాగితాన్ని ముఖం కిందకి పెట్టి ఒక్కసారి తేల్చి తీసెయ్. ఆరాక రెండో పూత అడ్డదిశలో వెయ్యి. ఆరబెట్టడం మాత్రం చీకట్లోనే, మూసిన బీరువాలో గానీ మంచం కింద గానీ. కాగితాన్ని ముట్టుకునే ముందు చేతులకి సబ్బు జిగురు లేకుండా కడుక్కో. సబ్బు మిగిలి ఉంటే నీ బొటనవేలి ముద్ర ఎర్రగా అచ్చుపడుతుంది. కొన్ని ఖరీదైన కాగితాల్లో సుద్ద కలుపుతారు, వాటి మీద పసుపు పూయగానే కాస్త ఎర్రజీర కొట్టొచ్చు. కాగితం కట్ట కొనేముందు చిన్న ముక్క మీద పూసి చూసుకో.

ఇక బొమ్మ. మొదటిసారి ఆకుతోనే మొదలుపెట్టు. వేపరెమ్మ, మునగరెమ్మ, చింతరెమ్మ, కొత్తిమీర, ఇలా అంచులు సన్నగా, విడివిడిగా ఉన్నవి బాగుంటాయి. రావి ఆకు ఒక్కటే పెట్టినా చాలా అందంగా వస్తుంది, ఆ తోక వల్ల. కోసిన ఆకుని వెంటనే పెట్టకు. ఎండలో అద్దం కింద ఆకు చెమర్చి, అద్దానికి ఆవిరి పట్టి, కాగితం మీద మరకలు చేస్తుంది. దినపత్రిక మడతల్లో పెట్టి, పైన బరువు పెట్టి రెండు రోజులు ఉంచితే పల్చగా చదునవుతుంది. లావు కాడలు బ్లేడుతో చీల్చి పల్చన చెయ్యి. కాడ అద్దాన్ని ఎత్తితే దాని చుట్టూ సందు ఏర్పడి, సూర్యుడు కదిలేకొద్దీ వెలుతురు అందులోకి దూరి అంచులు అలుక్కుపోతాయి.

అడుగున చెక్కపలక, దాని మీద పసుపు కాగితం, కాగితం మీద ఆకు, పైన అద్దం, నాలుగువైపులా కాగితాలు పట్టే నల్లక్లిప్పులు. పాత ఫోటో ఫ్రేము అద్దం చాలు. మ్యూజియం అద్దం అని అమ్మే ఖరీదైన రకం అతినీలలోహిత కిరణాల్ని ఆపేస్తుంది, అది వద్దు. డాబా మీద ఎండకి ఎదురుగా వాల్చి పెట్టు. పది నుంచి రెండు గంటల మధ్య ఎండ మంచిది. ఏప్రిల్, మే ఎండలకి రెండు గంటలతో మొదలుపెట్టు. జనవరిలో నాలుగు గంటలు పట్టొచ్చు. మబ్బు పడితే లెక్క మారిపోతుంది. ఎంతసేపు పెట్టాలో ఊహించే బదులు, ఒక కాగితం ముక్క మీద అట్టముక్కని అరగంటకోసారి కొంచెం కొంచెం జరుపుతూ పట్టీలు పట్టీలుగా ఎండ తగలనిచ్చి చూడు. తెరిచిన భాగం వెలిసి మీగడరంగుకి వస్తే అయిపోయినట్టు. మధ్యలో ఆకు ఎత్తి చూడాలనిపిస్తుంది, ఎత్తకు. మళ్ళీ సరిగ్గా అక్కడే పెట్టడం ఎవరి తరమూ కాదు. అద్దం అంచుకి బయట మిగిలిన కాగితం మీద ఒక నాణెం పెట్టి దాన్ని ఎత్తి చూసుకో.

తీశాక చూస్తే మీగడరంగు మీద పసుపు ఆకు కనిపిస్తుంది, కానీ పేలవంగా. ఇప్పుడు క్షారం పని. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుంది, దిష్టి తీసే ఎర్రనీళ్ళవుతాయి. అదే రసాయనం ఇక్కడ బొమ్మ తేలుస్తుంది. సున్నం తేట పనిచేస్తుంది గానీ కాగితం మీద తెల్లటి పొర వదులుతుంది. వంటసోడాతో రంగు లేతగా వస్తుంది. అన్నిటిలోకీ నిలకడైనది వెలిగారం, అంటే బోరాక్స్. కంసాలులు అతుకులు వేయడానికి వాడేదే. మూలికలమ్మే కొట్లో దొరుకుతుంది. క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు వేరు, అది ఆమ్లం, దాంతో పని జరగదు. పావులీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక చిన్నచెంచా వెలిగారం పూర్తిగా కరిగించి, చల్లారాక స్ప్రేసీసాతో కాగితమంతా సమంగా కొట్టు. పసుపు మిగిలినచోటల్లా ఇటుకరంగు, తర్వాత ముదురు గోధుమరంగు ఎక్కుతుంది. నిమిషం ఆగి మంచినీళ్ళలో ఒకసారి ముంచి తీసి నీడలో ఆరెయ్. వెలిగారం కడుపులోకి పోకూడదు. దానికి వాడిన గిన్నె, చెంచా మళ్ళీ వంటకి వాడకు, పిల్లలకి అందనివ్వకు.

ఇక్కడ ఒక ఆట ఉంది. ఎర్రబడిన భాగం మీద నిమ్మరసంలో ముంచిన పుల్లతో గీస్తే ఆ గీత మళ్ళీ పసుపైపోతుంది. ఆకు ఈనెల్ని అలా విడిగా దిద్దొచ్చు.

మనిషి ఫోటో వేయాలంటే పారదర్శక షీటు మీద ప్రింటు తీయించాలి. చాలామంది తప్పేది ఇక్కడే. సయనోటైప్ అలవాటున్నవాళ్ళు నెగెటివ్ తీయిస్తారు. దీనికి కావలసింది పాజిటివ్, ఎందుకంటే ఎండ తగిలినచోట ఇక్కడ తెల్లబడుతుంది. నలుపు నలుపుగానే ఉండాలి. లేజర్ ప్రింటు నలుపు ఒక్కటి సరిపోదు, వెలుతురు జారిపోతుంది. ఒకే బొమ్మ రెండు షీట్ల మీద తీయించి, అంచులు కలిపి టేపు వేసి ఒకదానిమీద ఒకటి పెట్టు. కాంట్రాస్ట్ బాగా పెంచు, మధ్యస్థపు ఛాయలు పసుపులో సగం పోతాయి.

పసుపు కాక ఇంకా చాలా ఉన్నాయి. బచ్చలిపళ్ళు, బీట్‌రూట్, పాలకూర రసం. వీటికి గంటలు చాలవు, రోజులు పడుతుంది, పాలకూరకైతే వారాలు. రసాన్ని వడకట్టిన రోజే పూసెయ్యాలి, లేకపోతే పులిసిపోతుంది. కాగితం అవసరమే లేకుండా బతికిన ఆకు మీదే బొమ్మ వేసేవాళ్ళూ ఉన్నారు. బిన్ డాన్ అనే వియత్నామీ అమెరికన్ కళాకారుడు వియత్నాం యుద్ధకాలపు చిత్రాల్ని ఆకుల పత్రహరితంలోనే ఎండతో ముద్రించాడు. ఆ యుద్ధం జరిగిన అడవుల గుర్తుగా ఆకునే ఎంచుకోవడం నన్ను కదిలించింది. వీలైతే వెతికి చూడు.

చూడాల్సింది మరొకటి. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం వారి బేఫర్డ్‌బరీ వేధశాలలో రెజీనా వాల్కెన్‌బర్గ్ అనే విద్యార్థిని 2012లో ఒక బీరుడబ్బాకి సూదిబెజ్జం పెట్టి, లోపల ఫోటో కాగితం చుట్టి టెలిస్కోపు మీద కట్టి మరిచిపోయింది. 2020 సెప్టెంబరులో ఎవరో విప్పి చూస్తే ఎనిమిదేళ్ళ సూర్యుడు అందులో ఉన్నాడు, 2,953 వంపుగీతలుగా! నలుపు తెలుపు ఫోటో కాగితం డెవలప్ చేయకుండానే వెలుతురుకి నల్లబడుతుంది. ఆ కాగితాన్ని అలాగే స్కాన్ చేసి రంగులు తిరగేస్తే బొమ్మ.

ఇది మన దగ్గర చేయాలంటే ఇంగ్లండు లాంటి చోట్ల చేసేవాళ్ళలా డబ్బాని నిలువుగా దక్షిణానికి కడితే కుదరదు. అక్కడ డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 15 డిగ్రీల ఎత్తులోపే ఉంటాడు. హైదరాబాదులో అదే రోజు 49 డిగ్రీలు, మే నెలలో నడినెత్తిన. మామూలు కూల్‌డ్రింక్ డబ్బా 11.5 సెంటీమీటర్ల ఎత్తు, 6.6 వెడల్పు. బెజ్జం నడిమధ్యన ఉంటే ఎదురుగోడ మీద పడేది 41 డిగ్రీల దాకా ఉన్న సూర్యుడే. అంటే మన మధ్యాహ్నం ఎప్పుడూ ఆ ఎదురు కాగితం మీద పడదు. తూర్పుకో పడమరకో తిప్పి కట్టు, సూర్యుడు పైకెక్కే గీతలు, దిగే గీతలు చక్కగా పడతాయి. జూన్ లోపు దించెయ్, వానాకాలంలో బెజ్జంలోంచి నీళ్ళు దిగి కాగితం బూజుపడుతుంది. ఒక్కసారే స్కాన్ చెయ్, స్కానర్ వెలుతురుకి కూడా ఆ కాగితం నల్లబడుతుంది.

పసుపు బొమ్మకీ అదే కష్టం. దాన్ని స్థిరపరిచే మందు లేదు. గోడకి తగిలిస్తే నెలల్లో వెలిసిపోతుంది. ఆరిన రోజే మంచి వెలుతురులో ఫోటో తీసుకుని, అసలుదాన్ని పుస్తకం మడతలో దాచు. చూడాలనిపించినప్పుడు తీసి చూడు, మళ్ళీ మూసెయ్. దీన్ని లోపమని చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం ఆ మూసి దాచుకోవడమే ఇష్టం.

మొదటి మూడు కాగితాలూ పాడైనా పారేయకు. ప్రతిదాని వెనక పెన్సిల్‌తో తారీకు, ఏ పసుపు, ఎన్ని పూతలు, ఎన్ని గంటలు, మబ్బు ఉందా లేదా రాసిపెట్టు. పెన్ను వద్దు, ఆల్కహాల్‌కి సిరా అలుక్కుంటుంది. చక్కగా వచ్చిన దాన్ని నల్లకాగితంలో చుట్టి పోస్టులో పంపు. మీ పెరట్లో రావి మొలక ఉంటే ముందు ఆ ఆకుతోనే చెయ్యి.

నీ,
వాసు