సివిల్ చదివినవాళ్లే రోబోలకు దారి వేశారు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ చదువుల పేజీలో డ్రైవర్ లేని వాహనాలు, రోబోల రంగంలో చీఫ్ సైంటిస్టు దాకా ఎలా ఎదగవచ్చో రాశారు. అందుకు కంప్యూటర్ సైన్స్, ఏఐ కోర్సులు తప్ప వేరే దారి చూపలేదు. పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పే నాకు అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. పాలిసెట్ కౌన్సెలింగ్‌లో తల్లిదండ్రులు ఇప్పటికే "సివిల్ వద్దు సార్, ఫ్యూచర్ లేదంట" అంటున్నారు.

ఈ రంగంలో పెద్దగా చెప్పుకునే అమెరికా రోబో శాస్త్రవేత్త రెడ్ విటేకర్ ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చదివింది సివిల్ ఇంజినీరింగే. పెన్సిల్వేనియా రాష్ట్రం పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1979లో పీహెచ్‌డీ చేసిందీ అందులోనే. అదే ఏడాది మార్చిలో, అదే రాష్ట్రంలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. రియాక్టర్ భవనం అడుగున రేడియోధార్మిక నీరు చేరింది. మనుషులు దిగే వీల్లేదు. విటేకర్ బృందం చేసిన యంత్రాలు 1984లో అక్కడికి దిగి లోపలి పరిస్థితి చూపించాయి. తర్వాత గోడల కాంక్రీటు నుంచి కోర్ (గొట్టంలా తొలిచి తీసే నమూనా) తీసి, కాలుష్యం ఎంత లోతుకు ఇంకిందో తేల్చాయి. కాంక్రీటు కోర్ సంగతి సివిల్ వాళ్లకు కాక ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత కూడా ఆయనకు అన్నీ గెలుపులే కావు. 1994లో అలాస్కాలోని స్పర్ అగ్నిపర్వతంలోకి దిగిన ఎనిమిది కాళ్ల డాంటే రోబో తన పని చేసి, పైకి వస్తూ బోల్తా పడింది. 2004లో మొజావే ఎడారిలో డ్రైవర్ లేని వాహనాల పోటీ పెడితే ఒక్కటీ గమ్యం చేరలేదు. అందరికన్నా ముందుకెళ్లిన ఆయన బృందం బండి కూడా పన్నెండు కిలోమీటర్లు దాటకుండానే ఆగిపోయింది. మరుసటి ఏడాది వాళ్ల రెండు బండ్లూ రెండో, మూడో స్థానాల్లో నిలిచాయి. 2007లో, నగర వీధుల్లాంటి రోడ్లపై జరిగిన పోటీలో కార్నెగీ మెలన్ బండి 'బాస్' గెలిచింది. మధ్యలో ఎన్ని నెలలు దుమ్ములో, ఎండలో బండి నడిపి చూసి ఉంటారో మీ పాఠకులకు చెప్పాల్సింది అదే.

విటేకర్ పనిచేసిన కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ ఎవరో తెలుసు కదా. ఒకప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆయన 1958లో మద్రాసు గిండీ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్నదీ సివిల్‌లోనే.

కోడింగ్, లెక్కలు రాకపోయినా ఫర్వాలేదని నేను అనడం లేదు. అవి రావాల్సిందే. కానీ మన ఊళ్లలో మ్యాన్‌హోళ్లలోకి ఇప్పటికీ మనుషులు దిగి చనిపోతున్నారు. ఆ పైపుల్లోకి వెళ్లే యంత్రం చేయాలంటే పైపు వాలు, పగుళ్లు, మట్టి తెలిసినవాళ్లు కావాలి.

సాంకేతిక విద్యా శాఖ సివిల్, మెకానికల్ పిల్లలకు రోబోటిక్స్ ప్రాజెక్టులు చేసే వీలు కల్పించాలి. ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే 'తిహాన్' ట్రాక్‌ను రెండు రాష్ట్రాల డిప్లొమా విద్యార్థులకూ చూపించాలి. మీరు కూడా కౌన్సెలింగ్ ముగిసేలోపే ఈ ఇద్దరి చదువుల వివరాలు అదే పేజీలో వేయండి.

- సివిల్ లెక్చరర్, కర్నూలు