మూర్ బాండ్‌లలో ఏది ముందు?

సంపాదకుడు గారికి,

రోజర్ మూర్ చేసిన ఏడు జేమ్స్ బాండ్ సినిమాలకు మీ ఆదివారం అనుబంధంలో ర్యాంకులిస్తూ 'మూన్‌రేకర్' (1979)ను రెండో స్థానంలో పెట్టడం నాకు మింగుడుపడలేదు. 'స్టార్ వార్స్' బాగా ఆడింది కదా అని బాండ్‌ను అంతరిక్షంలోకి పంపించేశారు. చివర్లో లేజర్ తుపాకుల గోలే తప్ప గూఢచారి చేసే పనేదీ?

మొదటి స్థానం 'ది స్పై హూ లవ్డ్ మీ' (1977)దే, అందులో పేచీ లేదు. రెండోది మాత్రం 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' (1981) కావాలి. కొండ అంచున ఊగుతున్న హంతకుడి కారును బాండ్ ఒక్క తన్నుతో లోయలోకి తోసేస్తాడు. ఎప్పుడూ చిరునవ్వుతో తిరిగే మూర్ ముఖం అక్కడ చూడాలి. ఆ సీన్ తన బాండ్‌కు నప్పదని ఆయన మొదట తటపటాయించారు కూడా.

'ఆక్టోపస్సీ' (1983)ని అట్టడుగుకు నెట్టడమూ అన్యాయమే. ఉదయ్‌పూర్ బజారులో ఆటో ఛేజింగ్, కత్తులు మింగేవాడు, మేకుల పాన్పు... మన దేశాన్ని గారడీ సంతలా చూపించారు, ఒప్పుకుంటా. మన టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ టెన్నిస్ రాకెట్‌తో రౌడీలను బాదుతుంటే మాత్రం నవ్వాగదు. కానీ జర్మనీలోని సర్కస్‌లో జోకర్ వేషంలో ఉన్న బాండ్ 'బాంబుంది' అంటే జనం నవ్వుతారు చూడండి, ఆ టెన్షన్ మూర్ సినిమాల్లో ఇంకెక్కడా లేదు.

ఆఖరి స్థానం 'ఎ వ్యూ టు ఎ కిల్' (1985)కివ్వండి. అప్పటికి మూర్‌కు 57 ఏళ్లు. ఫైట్లలో డూపు ఎక్కడున్నాడో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

- ఒక పాఠకుడు, విజయవాడ