వేళ్లు కాల్చుకున్న విలేకరి గారికి

రాత్రి పదకొండు దాటింది. ఆఖరి పెట్టెకు టేపు వేసి ఇప్పుడే కూర్చున్నాను. పన్నెండు రోజులుగా సరైన నిద్ర లేదు. వేళ్లకు నెయ్యి, ఫోను తెరకూ నెయ్యే, అక్షరాలు జారిపోతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇవాళ రాయకపోతే రేపు మళ్లీ పనిలో పడతాను, ఇక రాయలేను.

మాది ఆత్రేయపురం మండలం. పదకొండేళ్లు నేను పరుల కోసం పూతరేకుల రేకులు తీశాను. వంద రేకులకు ఇంత అని కూలి. రేకులు మా ఇళ్లలో పుడతాయి, పంచదార పొడి, నెయ్యి వేసి చుట్టేది ఇంకొకరు, పెట్టె మీద పేరు కొట్టువారిది. అది అన్యాయమని నాకెప్పుడూ తోచలేదు, పని అంటే అంతే అనుకున్నాను. కిందటి దసరాకు మా వీధిలో నలుగురం ఆడవాళ్లం కలిసి సొంతంగా మొదలుపెట్టాం. చేతిలో పని ఉంది, అదొక్కటే ఉంది. మా ఇల్లు రోడ్డు మీద లేదు. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే కార్ల హారన్లు మా వంటింట్లోకి వినిపిస్తాయి గానీ, ఒక్క కారూ మా వీధిలోకి తిరగదు. ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు ఏడుసార్లూ రోడ్డు మీది కొట్ల దగ్గరే ఆగి వెళ్లిపోతారు.

బోర్డు పెట్టాలంటే అద్దె. వీడియో తీసి పెడతామని ఇద్దరు కుర్రాళ్లు వచ్చి పదిహేను వేలు, పైగా రెండు పెద్ద పెట్టెలు అడిగారు. అవి రుచి చూడటానికట. పేపర్లో అయితే ఉచితంగా వేస్తారని ఎవరో అన్నారు. సరే అని ఆరు పత్రికలకు ఉత్తరం పంపాను. «మా వద్ద స్వచ్ఛమైన నేతితో తయారైన నాణ్యమైన పూతరేకులు సరసమైన ధరలకు లభించును.» రెండు రోజులు కూర్చుని రాసిన వాక్యం అది. ఎవరూ వేయలేదు. ఒక చోటి నుంచి మాత్రం ఫోను వచ్చింది. ప్రకటనల విభాగమట, వార్షికోత్సవ సంచికలో పావు పేజీ తీసుకుంటే తర్వాత వార్త సంగతి చూస్తామన్నారు.

అందుకే ఆ గురువారం మధ్యాహ్నం పాత స్కూటరు మీద ఒక పెద్దమనిషి వచ్చి «నేను పత్రిక నుంచి» అనగానే, గుమ్మంలోనే నిలబెట్టి «మా దగ్గర డబ్బుల్లేవండీ» అనేశాను. ఆయన నవ్వి «మంచినీళ్లు ఉన్నాయా అమ్మా?» అన్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అడిగితే వద్దన్నారు. «పేరు రాస్తే రేపు మండలంలో ప్రతి కొట్టువారూ నాకు రాయలేదేం అని అడుగుతారమ్మా» అన్నారు. సరే, ఆయన ఈ పోస్టు చూస్తే తెలుసుకుంటారు.

నీళ్లు తాగి నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి పీట మీద కూర్చున్నారు. ఫొటో తీసుకుని పోతారనుకున్నాను. గంటసేపు ఫోను గానీ పుస్తకం గానీ బయటికి తీయలేదు. కుండ ఎన్నాళ్లు వస్తుంది, కొత్త కుండను ఎన్ని రోజులు నూనె పెట్టి కాచాలి, జయ బియ్యమే ఎందుకు, ఎండు కొబ్బరాకు మంట ఎక్కువైతే ఏమవుతుంది, ఇవే ప్రశ్నలు. చెబుతూనే నేను పని చేస్తున్నాను. గుడ్డను పిండిలో ముంచడం, బోర్లించిన కుండ మీద ఒక్కసారి పరచి లాగేయడం, రేకు అంచు లేవగానే తీసి పక్కన పెట్టడం. మాకిది ఊపిరి తీసినంత పని. ఆయన చూసి చూసి «నేనొకటి తీయనా?» అన్నారు.

మొదటి దానికి గుడ్డ కుండకు అతుక్కుపోయింది. రెండోది రొట్టె అయింది. మూడోసారి రెండు వేళ్లు కాలాయి. మా అత్తయ్య వెన్న పెడతానంటే వద్దని, చెంబులో చేయి ముంచి మళ్లీ కూర్చున్నారు. యాభై అయిదేళ్లు పైబడ్డ మనిషి, చొక్కా అంతా పొగ, కళ్లలో నీళ్లు. «వేడి ఎంతో తెలియకుండా వేడి అని రాయకూడదు కదమ్మా» అన్నారు. తొమ్మిదోది వచ్చింది, మధ్యలో రూపాయి బిళ్లంత చిల్లుతో. దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, అలాగే నోట్లో వేసుకున్నారు.

తర్వాత పెట్టెల దగ్గరికి వెళ్లారు. మా ప్రతి పెట్టెలో ఒక చీటీ ఉంటుంది, ఆ పెట్టెలోని రేకులు ఎవరు తీశారో వారి పేరుతో. అది గొప్పకు పెట్టింది కాదు. మొదట్లో రేకు మందంగా ఉందని ఒకరు ఫిర్యాదు చేస్తే, మా నలుగురిలో ఎవరిని అడిగినా «నాది కాదు» అన్నారు. ఆ తగువు తీరక చీటీలు పెట్టాం. సిగ్గుపడుతూనే ఆయనకు చెప్పాను. అప్పుడు తీశారు జేబులోంచి పుస్తకం.

«ఆరు పత్రికలకు పంపిన కాగితంలో ఈ ముక్క లేదేమమ్మా?»

«అది మా ఇంటి గొడవ కదండీ.»

«అదే వార్త. నాణ్యమైనవి, స్వచ్ఛమైనవి అని ప్రతి బోర్డు మీదా ఉంది. 2023లో మీ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, వచ్చినప్పుడు ఆ వార్త నేనూ రాశాను. ఊరికి పేరు వచ్చింది. రేకు తీసిన మనిషి పేరున్న పెట్టె మాత్రం ఇదే చూడటం.»

వెళ్లేటప్పుడు నేను కవరు ఇచ్చాను. అయిదు వందలు. వార్త రాసేవాళ్లకు ఇవ్వాలని అందరూ చెబితే మా ఆయన ముందే సిద్ధం చేసి పెట్టారు. విలేకరి గారు కసరలేదు, నీతులు చెప్పలేదు. కవరు తీసుకుని మా పిండి డబ్బా మీద పెట్టి, «కొత్త కుండకు పనికొస్తుంది» అన్నారు. తర్వాత చొక్కా జేబులోంచి సొంత డబ్బు తీసి, పదులూ ఇరవైలూ కలిపి లెక్కపెట్టి, పది పూతరేకుల పెట్టె ఒకటి కొన్నారు. సంచిలో పెట్టుకోబోతూ ఆగి, మూత తెరిచి, «చీటీ ఉందా అమ్మా? మా ఇంట్లో చూపించాలి, ఎవరు తీశారో» అన్నారు.

ఆ పెట్టెలో చీటీ నాదే. నేను లోపలికి వెళ్లిపోయాను. మంచినీళ్ల బిందె పక్కన నిలబడి ఏడ్చాను, ఎందుకో అప్పుడు నాకే తెలియలేదు. మా అత్తయ్య పొగ తగిలిందని సర్ది చెప్పింది.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను చేశారు. పేజీలోకి చివరి నిమిషంలో పెద్ద ప్రకటన వచ్చిందట, మా వార్త ఎత్తేశారట. «రేపు చూసుకుని బాధపడతారని ముందే చెబుతున్నా. ఆదివారానికి అడిగాను» అన్నారు. వార్త రాలేదని చెప్పడానికి కూడా ఒకరు ఫోను చేస్తారని నేనెప్పుడూ వినలేదు. ఆదివారం వచ్చింది. జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వార్త, చీటీ పట్టుకున్న మా నలుగురి ఫొటో.

నాకు తర్వాత మరొకరి ద్వారా తెలిసింది. మండలాల్లో రాసేవారికి చాలామందికి జీతం లేదు, అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే. ఆ మూడు కాలమ్‌లకు ఆయనకు వచ్చేది, ఆయన కొన్న పెట్టె ధర కూడా కాదట. పైగా ఏడాదికి ఇన్ని ప్రకటనలు తేవాలని లెక్క ఒకటి నెత్తి మీద ఉంటుందట. మా ఇంట్లో మూడు గంటలు కూర్చుని ప్రకటన అన్న మాటే ఎత్తలేదు ఆ మనిషి. ఉచిత ప్రచారం అని అందరం సులువుగా అంటాం. నా వంతు ఖర్చు ఆయన పెట్టుకున్నారు, పెట్రోలుతో సహా.

కోపం కూడా రాసేస్తాను, కడుపులో పెట్టుకుంటే నిద్ర పట్టదు. వార్తలోంచి మా ఫోను నంబరును పత్రిక డెస్కులో తీసేశారు. నంబరు వేస్తే అది ప్రకటన అవుతుందట. అదే సంచికలో అదే పేజీ కింద ఒక పెద్ద దుకాణం ప్రారంభోత్సవం «వార్త»లో చిరునామా, నంబరు, తగ్గింపు ధరలు అన్నీ ఉన్నాయి. చిన్నవాళ్లకే నియమాలు గుర్తొస్తాయేమో. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ సంగతీ అంతే. మాలాంటి చిన్నవారికి నేను కట్టవలసిన రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఆ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, మధ్యలో ఒకాయన 3,000 తీసుకున్నారు. చేతికొచ్చింది 14 అంకెల నంబరు ఒక్కటి. భౌగోళిక గుర్తింపు వచ్చిందని సభలు పెట్టారు, సన్మానాలు చేశారు. కానీ ఆ గుర్తింపు ముద్ర మా పెట్టె మీద వేసుకోవాలంటే మేం విడిగా అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలని ఎంతమంది రేకులు తీసేవాళ్లకు తెలుసు? దాని రుసుమును 2020లో 10 రూపాయలకు తగ్గించారట. మంచిదే. ఫారం మాత్రం ఇంగ్లీషులో ఉంది. పది రూపాయలు నా దగ్గరున్నాయి, ఇంగ్లీషే లేదు. సరే, ఇది కృతజ్ఞతల పోస్టు, ఇక్కడితో ఆపుతాను.

మా ఇంటికి వచ్చిన ఆ గురువారం సాయంత్రమే విలేకరి గారు ఇంకో మాట అన్నారు. «పేపరు ఒక్కరోజేనమ్మా, మర్నాడు బజ్జీలు కట్టుకుంటారు. ఇందాక నాకు చెప్పినవన్నీ మీరే రాసి పెట్టుకోండి, ఎవరికో ఎప్పుడో కావలసి వస్తాయి.» ఎదురింటి డిగ్రీ అమ్మాయి ఉచితంగా బ్లాగు ఒకటి తెరిచి ఇచ్చింది. నేను చెప్పడం, తను టైపు చేయడం. మొదట నేను మళ్లీ «సరసమైన ధరలకు» అని మొదలుపెడితే ఆ పిల్ల టైపు చేయనంది! వానాకాలం గాలికి రేకు ఎలా మెత్తబడుతుందో, పెట్టె ఎలా మూయాలో, తడిసిన కొబ్బరాకుతో పొయ్యి దగ్గర పడే అవస్థ, చీటీల తగువు, ఇలా అయిదు రాశాం. అందులో జనం ఎక్కువ చదివింది చీటీల కథ కాదు, «పూతరేకులు మెత్తబడకుండా ఎలా దాచాలి» అన్నది. అది వెతుక్కుంటూ వచ్చిన హైదరాబాద్‌లోని ఒక వంటల బ్లాగరు గారు మూడు పెట్టెలు డబ్బు కట్టి తెప్పించుకుని, ఒకదానిలో రేకులు విరిగాయని ఉన్నదున్నట్టు రాసి, మిగతావి బాగున్నాయనీ రాశారు. విరిగినవాటి సంగతి చదివి నా ముఖం మాడిపోయింది గానీ, ఆ నిజం చూసే నమ్మకం కుదిరిందని తర్వాత ఎంతోమంది ఫోనులో చెప్పారు. అమ్మా, మీకు నమస్కారం. ఇప్పుడు పెట్టె అడుగున అట్ట వేస్తున్నాం.

ఈ పన్నెండు రోజుల్లో 214 పెట్టెలు వెళ్లాయి. అంతకు ముందు నెలంతా కలిపి 31.

మా ఆయన, మా అత్తయ్య, పెట్టెలు మోసిన మా తమ్ముడు, పిల్లల్ని చూసుకున్న మా అమ్మ, అందరూ చేశారు. వాళ్లకు ప్రత్యేకంగా చెప్పేదేముంది, ఇంటివాళ్లు. నాతోపాటు రేకులు తీసిన ముగ్గురికీ ఈ ఆదివారం సెలవు, నిజంగానే.

అయ్యో, మరిచిపోయాను. లాకుల దగ్గర టీ కొట్టు బాబాయి గారు! నంబరు లేని వార్త పట్టుకుని వచ్చినవాళ్లందరికీ మూడు రోజులు దారి చెప్పింది ఆయనే. కొందరిని స్కూటరెక్కి తీసుకొచ్చి దింపారు, కొట్టు వదిలేసి.

రావులపాలెం బస్టాండులో పార్సిల్ కౌంటరు అన్నయ్య గారికి కూడా. ఆలస్యంగా వచ్చినా ఆఖరి బస్సులో పెట్టెలు ఎక్కించి, వాటి మీద ఇంకేమీ పెట్టకుండా చూశారు. ఆయన పేరు నేనింతవరకు అడగనే లేదు, రేపు అడుగుతాను.

కుండలు చేసి ఇచ్చే పెద్దాయనకు, సగం డబ్బు ఇంకా బాకీ ఉన్నా రెండు కుండలు పంపినందుకు. ఈ నెల ఇచ్చేస్తాను తాతయ్యా.

ఇంకొకరు ఉన్నారు, గుర్తు రావడం లేదు. ఆ, మా పాప టీచరు గారు, పత్రికలకు పంపిన ఉత్తరంలో అక్షరదోషాలు దిద్దారు. ఉత్తరం అచ్చు కాకపోవడం మీ తప్పు కాదు టీచరు గారూ.

విలేకరి గారూ, మీరు వచ్చే నెల మనవరాలి అన్నప్రాసనకు ఇరవై పెట్టెలు కావాలన్నారు కదా. డబ్బు తీసుకోనంటే మీరు వేరే చోట కొంటారని తెలుసు, అందుకే తీసుకుంటాను. కానీ చీటీలన్నీ నా చేతి రాతతోనే పెడతాను. వేళ్లు తగ్గాయా? ఆరోజు అడగడం మరిచిపోయాను.

శుక్రవారం ఆర్డర్లు పెట్టినవారికి సోమవారం బస్సులో వస్తాయి. ఫోను చేయకండి, పడుకుంటున్నాను.