డాక్టరు చీటీ లేని స్టెరాయిడ్లు ఆపండి

అయ్యా,

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. సత్యనారాయణపురంలో మా ఇంటి దగ్గరి మందుల షాపులో చీటీ అడక్కుండా పొట్లం కట్టిచ్చిన మాత్రలు మూడు నెలలు మింగింది. నొప్పి పోయింది. కానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది, కాలి మీద గీరుకున్న చిన్న పుండు నెలైనా మానలేదు. పొట్లంలోని ఆ బుల్లి తెల్ల మాత్ర ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ అని తర్వాత డాక్టరుగారు చెప్పారు.

స్టెరాయిడ్ చెడ్డమందని అనను. 2020లో ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగులను కాపాడింది రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడే. అదుపు తప్పిన ఇమ్యూనిటీని అణచడమే అక్కడ మేలు చేసింది. అదే అణచివేత వారాల తరబడి సాగితే ఒంట్లో నిద్రపోతున్న టీబీ కూడా లేవొచ్చు. ఆస్తమాకు పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వేరు. మోతాదు మైక్రోగ్రాముల్లో, పని ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలావరకు నోట్లో ఫంగస్ రాదు. 'స్టెరాయిడట' అని పిల్లలకు దాన్ని మాన్పించే తల్లులను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తామరకు రాసే క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ క్రీములైతే దురద తగ్గిస్తాయి గానీ, అడుగున ఫంగస్ పాకుతూనే ఉంటుంది.

మన బెజవాడ షాపుల్లో స్టెరాయిడ్లు చీటీ లేకుండా అమ్మకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేయాలి. ఇప్పటికే నెలలుగా మాత్రలు వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ తయారీ మందగించి ఉంటుంది. అమ్మకు ఆరు వారాలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు.

- ఒక పాఠకురాలు, విజయవాడ