'సైడుకి పో' అంటే ఎక్కడికి పోవాలి?

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పదకొండేళ్లుగా మూసాపేట నుంచి అమీర్‌పేట దాకా సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తున్నాను. ఈ దారిలో రోజూ వినే మాట "సైడుకి పో". ఆటోవాళ్లు అంటారు, కార్లవాళ్లు అంటారు, ఒకసారి సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ గారూ అన్నారు.

ఆ సైడులో ఏముంటుందో తొక్కేవాడికే తెలుసు. ఇసుక, కుంగిపోయిన మ్యాన్‌హోల్ మూతలు, ఇడ్లీ బండి, దాని చుట్టూ ఆపిన బైకులు. అవన్నీ తప్పించుకుంటుంటే ఎదురుగా రాంగ్ రూట్లో ఇంకో బైకు. ఆయనా అంచునే నమ్ముకున్నాడు మరి! పోయిన వానాకాలం ఎర్రగడ్డ దగ్గర ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. తప్పించబోయి కుడివైపు పడ్డాను. వెనకొచ్చే ఆటో ఆయన బ్రేకు వేయబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అప్పటినుంచి అంచుకు మీటరు ఇవతలే తొక్కుతున్నాను. ఆగిన కార్లుంటే తలుపు తెరిచినా తగలనంత దూరంలో. హారన్లు పెరిగాయి గానీ, రాసుకుంటూ పోయేవాళ్లు తగ్గారు. అంచున ఉంటే సందులోంచి దూరిపోవచ్చనుకుంటారు, ఎదురుగా కనబడితే పక్క లేన్‌లోకి వెళ్లి దాటుతారు. వెడల్పు రోడ్డు మీద బళ్లు వేగంగా పోతుంటే మాత్రం నేనే ఎడమకు జరిగి దారిస్తాను.

అసలు భయం ఫ్రీ లెఫ్ట్ దగ్గర. నేరుగా వెళ్లాల్సిన నేను అంచున ఉంటే, ఎడమకు తిరిగే కారు నా ముందు చక్రాన్ని కోసుకుంటూ పోతుంది. అందుకే ముందుగానే వెనక్కి చూసి, చెయ్యి చూపించి, నేరుగా వెళ్లే లేన్ మధ్యలోకి వస్తాను. తిట్లు పడేదీ అక్కడే.

మనలాగే ఎడమవైపు నడిచే బ్రిటన్‌లో 2022 జనవరిలో హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం) మార్చి ఇదే రాశారు. ట్రాఫిక్ నిదానంగా ఉన్నప్పుడు, జంక్షన్ల దగ్గర, ఇరుకు చోట సైకిల్ తొక్కేవాళ్లు తమ లేన్ మధ్యలో ఉండాలి. గంటకు 30 మైళ్ల లోపు వేగంలో సైకిల్‌ను దాటేవాళ్లు కనీసం 1.5 మీటర్లు వదలాలి.

2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. బాగుంది, ఒక ఆదివారం నేనూ వెళ్లాను. కానీ మా దారిలో కనబడే వాచ్‌మన్, పేపర్ పిల్లాడు, వెల్డింగ్ షాపు కుర్రాడు తొక్కేది అక్కడ కాదు. వాళ్లకోసం రెండు పనులు చేయండి. సైకిల్ ఎక్కడ ఉండొచ్చో, దాన్ని దాటేటప్పుడు ఎంత వదలాలో తెలుగు, ఉర్దూల్లో స్పష్టంగా రాసి లైసెన్సు పరీక్షలో అడగండి. అదే కాగితం ట్రాఫిక్ సిబ్బందికీ అందేలా చూడండి.

మీ శాఖవాళ్లు ఎవరైనా ఒక రోజు ఉదయం తొమ్మిదింటికి మూసాపేట మెట్రో స్టేషన్ కిందికి వస్తే దారంతా చూపిస్తాను. నా దగ్గర రెండో సైకిల్ ఉంది, గాలి కొట్టి ఉంచుతాను.

ఇట్లు,
ఒక సైకిల్ ప్రయాణికుడు, మూసాపేట