అమ్మ మళ్ళీ మాట్లాడుతోంది: మన ఆసుపత్రి వాళ్ళకి కృతజ్ఞతలు

అమ్మకి పక్షవాతం వచ్చిన పూట నుంచి ఇంటికి తీసుకొచ్చేదాకా మా వెంటే నిలబడ్డ మన ఆసుపత్రి సిబ్బంది అందరికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. డిశ్చార్జ్ హడావిడిలో సరిగ్గా నాలుగు మాటలు చెప్పలేకపోయాం. ఎవరెవరు ఏం చేశారో నలుగురికీ తెలియాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు క్యాజువాలిటీ వాళ్ళకి. అప్పటికే అమ్మ మూతి ఒక పక్కకి వంకర పోయింది, కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. స్ట్రెచర్ మీద పడుకోబెడుతూనే డ్యూటీ డాక్టర్ గారు "ఆవిడ మామూలుగా ఉండగా చివరిసారి చూసింది ఎన్ని గంటలకి?" అని అడిగారు. ఆ ప్రశ్న ఎందుకో తర్వాత తెలిసింది. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మామూలుగా దాన్ని పక్షవాతం మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి, అందులోనూ ఎంత ముందైతే అంత మేలు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయట. ఈ లెక్క విన్నాక, దగ్గర్లో ఆసుపత్రి ఉండటం అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది.

షుగర్ చూశారు, ఎందుకంటే షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. వెంటనే సీటీ స్కాన్‌కి తీసుకెళ్ళారు. గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం కారినా పైకి ఒకేలా కనిపిస్తాయి. రక్తం కారుతున్నవాళ్ళకి ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ వేళప్పుడు స్కాన్ తీసే టెక్నీషియన్ ఉండబట్టే ఇదంతా కుదిరింది. ఆ అబ్బాయి పేరు కూడా అడగలేకపోయాను. బాబూ, నీకు ప్రత్యేకంగా థాంక్స్.

ఇక్కడ న్యూరాలజిస్టు లేరు. ఆ మాట వాళ్ళే ముందు చెప్పేశారు. పెద్దాసుపత్రిలోని న్యూరాలజిస్టుకి స్కాన్ పంపి, వీడియోలో అమ్మని చూపించారు. ఆయన అక్కడి నుంచే చెయ్యి ఎత్తించి, బొమ్మల పేర్లు చెప్పించి, ఇంజెక్షన్ ఇవ్వొచ్చన్నారు. వందలో ఆరుగురి దాకా మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని నాన్నకి దాచకుండా చెప్పి, అప్పుడు సంతకం తీసుకున్నారు. అమ్మ బీపీని 185/110 కిందకి తెచ్చాకే మందు మొదలుపెట్టారు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ గౌరవించేది ఇంకొకటి ఉంది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే ట్యూబు పంపి దాన్ని బయటికి లాగాలి, ఆ సౌకర్యం ఇక్కడ లేదు. అందుకే మందు ఎక్కుతుండగానే అంబులెన్సు సిద్ధంగా ఉంచి, పెద్దాసుపత్రి వాళ్ళతో మాట్లాడి పెట్టారు. అదృష్టవశాత్తూ ఆ అవసరం రాలేదు. తమ చేతిలో ఉన్నది ఆలస్యం లేకుండా చేయడం, లేనిదాన్ని దాచకుండా చెప్పడం. ఒక కుటుంబం ఆసుపత్రిని నమ్మడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ రాత్రి డ్యూటీ చేసిన సిస్టర్ గురించి చెప్పకపోతే ఈ పోస్టు రాసి ప్రయోజనం లేదు. ఆ ఇంజెక్షన్ తర్వాత మొదటి రెండు గంటలు పావుగంటకోసారి, ఆపైన ఆరు గంటలు అరగంటకోసారి, తర్వాత మర్నాటి దాకా గంటకోసారి బీపీ, స్పృహ, చేతుల బలం చూడాలి. అమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుని "గట్టిగా పట్టుకోండమ్మా" అని ప్రతిసారీ అదే ఓపికతో అడిగింది. అమ్మ దాహం అంటోంది, మాకేమో ప్రాణం ఉసూరుమంటోంది. మింగగలదో లేదో పరీక్ష చేయకుండా చుక్క నీళ్ళు కూడా పట్టనివ్వలేదు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని మా నాన్నకి, ఆ తర్వాత వచ్చిన ప్రతి బంధువుకీ విసుక్కోకుండా చెప్పింది.

మర్నాడు మళ్ళీ సీటీ తీసి, రక్తస్రావం లేదని తేలాక ఫిజియో మేడమ్ అమ్మని కూర్చోబెట్టారు. మేడమ్, మీరు నేర్పిన వ్యాయామాలు రెండు పూటలా చేయిస్తున్నాం. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు కానీ గ్లాసు పట్టుకోగలుగుతోంది.

వార్డు బయట కూర్చున్నప్పుడు డయాలసిస్‌కి వచ్చేవాళ్ళతో పరిచయమైంది. వాళ్ళకి సాధారణంగా వారానికి మూడుసార్లు, వచ్చిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. దానికోసం దూరం పోవాల్సి వస్తే మిగతా బతుకంతా ప్రయాణాలకే సరిపోతుంది. ఇలాంటి ఆసుపత్రి చుట్టుపక్కల ఊళ్ళకి ఎంత ఆసరాయో వాళ్ళని అడిగితే తెలుస్తుంది.

ఆయాలకి, సెక్యూరిటీ అన్నకి, ప్రతి పరీక్షకీ ముందే వివరం చెప్పిన బిల్లింగ్ వాళ్ళకి కూడా పేరుపేరునా కృతజ్ఞతలు. వచ్చే చెకప్‌కి వచ్చినప్పుడు ఆ రాత్రి డ్యూటీ సిస్టర్‌ని చూడాలని అమ్మ పట్టుబడుతోంది. ఆవిడ డ్యూటీ ఏ రోజుల్లో ఉంటుందో ఆసుపత్రి వాళ్ళెవరైనా చెబితే, ఆ రోజుకే అపాయింట్‌మెంట్ తీసుకుంటాం.